దొరికితే రుజువైనట్టేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

‘ఇన్‌క్రిమినేట్’ అనే ఇంగ్లిష్ మాట మన పేపర్లలో తెలుగులోకి వచ్చేసరికి ఏకంగా తీర్పు అయిపోతోంది. పోలీసులు ఎవరింట్లోనో సోదా చేసి ‘ఇన్‌క్రిమినేటింగ్ మెటీరియల్’ దొరికిందని ప్రెస్‌నోట్ ఇస్తారు. తెల్లారేసరికి అది ‘నేరాన్ని రుజువు చేసే పత్రాలు స్వాధీనం’ అని అచ్చవుతుంది. రుజువు చేయడానికి ఇంగ్లిష్‌లో ‘ప్రూవ్’ ఉంది కదా! ఇన్‌క్రిమినేట్ అంటే నేరం ఫలానా మనిషి చేసినట్టు కనబడేలా చేయడం, అంతవరకే. దాని వెనకున్న లాటిన్ మాట ‘క్రిమెన్’కి కూడా నేరమనే కాదు, అభియోగమనీ అర్థం ఉంది.

నేను కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. సాక్ష్యంలో ముద్దాయికి వ్యతిరేకంగా వచ్చిన ప్రతి సంగతీ అతని ముందు పెట్టి, ఏమంటావని జడ్జిగారు అడగాలి. పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) అది 313వ సెక్షన్. 2024 జూలై 1న దాని బదులు అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో 351. ఒకసారి ఓ హత్య కేసులో, ‘గొడ్డలి నీ పాకలో దొరికిందంటున్నారు, ఏమంటావ్?’ అని అడిగారు. ‘నాదేనండి, కట్టెలు కొట్టుకునేది’ అన్నాడతను. గొడ్డలి అతని వైపు వేలు చూపించిన మాట నిజమే. నరికింది అతనే అని మాత్రం చెప్పలేకపోయింది. కేసు కొట్టేశారు. (కొన్నాళ్లకు వచ్చి గొడ్డలి ఎప్పుడిస్తారని అడిగాడు కూడా.)

ఇంకో పొరపాటు, తనను తాను ఇన్‌క్రిమినేట్ చేసుకోవడాన్ని ‘నేరం ఒప్పుకున్నాడు’ అని రాసేయడం. దొంగతనం జరిగిన రాత్రి ఆ ఇంటి ఛాయలకే వెళ్లలేదన్నవాడు, ‘అప్పటికి ఆ ఇంట్లో కరెంటు పోయింది’ అని నోరు జారాడనుకోండి. ఒప్పుకున్నదేమీ లేదు, కానీ ఇరుక్కున్నాడు. నిందితుణ్ని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం అంటుంది. ఇష్టం లేకుండా నార్కో పరీక్ష (మందు ఎక్కించి మగతలో ప్రశ్నలడగడం) చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా దాన్ని బట్టే. వేలిముద్రలకు ఇది వర్తించదనుకోండి, అది 1961లోనే తేల్చారు. ఇంత ఉన్నా, నోరు మెదపని నిందితుడి గురించి మన వార్తల్లో వచ్చేది ఒకటే ముక్క: ‘విచారణకు సహకరించలేదు’.

డెస్క్‌లో కూర్చునేవారికి టైమ్ ఉండదని తెలుసు. ‘నిందితుడికి వ్యతిరేకంగా ఆధారాలు’ అంటే సరిపోతుంది. హెడ్డింగ్‌లో పట్టకపోతే ‘పత్రాలు స్వాధీనం’ అని వదిలేయండి.

— ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి, కాకినాడ