మైలిన్ అంటే ఉత్త తొడుగు కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ హెల్త్ పేజీలో నరాల జబ్బుల మీద వచ్చిన ఆర్టికల్ చదివాను, బానే ఉంది కానీ మైలిన్ (నరంపోగుల చుట్టూ ఉండే కొవ్వు పొర) అంటే కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు లాంటిది అని చెప్పేసి అక్కడితో వదిలేశారు. స్కూల్లో మా అందరికీ చెప్పిందీ ఇదే, తప్పని అనను గానీ సగమే నిజం. తొడుగు పాడైతే లోపలి రాగి తీగ సన్నబడదు కదా, నరంపోగు, అంటే నరంలో సిగ్నల్ మోసే సన్న తీగ, మాత్రం సన్నబడుతుంది.

వెన్నుపాము దాటి చేతులకీ కాళ్ళకీ పోయే నరాల్లో ఈ పొర చుట్టేవి ష్వాన్ కణాలు, ఒక్కో కణం ఒకే పోగుని, అందులోనూ ఒక చిన్న ముక్కని మాత్రమే చుట్టుకుంటుంది. సిగ్నల్ బయటకి లీకవకుండా చూడటం ఒక్కటే కాదు ఈ పొర పని, పక్కపక్క కణాల మధ్య ఉండే రాన్వియర్ నోడ్లు అనే చిన్న ఖాళీల దగ్గర సోడియం చానెళ్ళు (సిగ్నల్ పుట్టడానికి సోడియంని లోపలికి వదిలే దారులు) గుంపుగా చేరాలన్నా దాని సాయం కావాలి. మైలిన్ లేని సన్న పోగుల్లో సిగ్నల్ సెకనుకి 1, 2 మీటర్లు పోతే, మైలిన్ ఉన్న లావు పోగుల్లో 100 మీటర్ల దాకా పోతుంది మరి.

నాకు బాగా నచ్చిన ఎక్స్‌పెరిమెంట్ ఒకటుంది. ట్రెంబ్లర్ అనే రకం చిట్టెలుకల్లో ష్వాన్ కణాల జీన్‌లో లోపం ఉంటుంది, మైలిన్ సరిగా రాదు. 1990ల మొదట్లో వీటి నరం ముక్కని తీసి మామూలు చిట్టెలుక నరంలో అతికించి చూశారు, మామూలు పోగులు ఆ ముక్క గుండా పెరిగాయి, తీరా చూస్తే ఆ ముక్క ఉన్నంత మేరే పోగు సన్నగా ఉంది, లోపల న్యూరోఫిలమెంట్లకి (పోగుకి ఆసరాగా ఉండే సన్న ప్రొటీన్ దారాలకి) ఫాస్ఫేట్ తగ్గి అవి దగ్గరదగ్గరగా ఇరుక్కుపోయాయి, ఆ ముక్క దాటాక మళ్ళీ మామూలే! అంటే పోగు ఎంత లావుండాలో పక్కనున్న కణం కూడా తేలుస్తోందన్నమాట. పోగు కూడా ఊరుకోదులెండి, న్యూరెగ్యులిన్ అనే ప్రొటీన్‌తో మైలిన్ ఎంత మందం ఉండాలో అదీ చెప్తుంది.

ఇదంతా ల్యాబ్ గొడవ, పేషెంటుకెందుకు అంటారేమో. షార్కో-మారీ-టూత్ అని వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బులో ఎక్కువగా కనిపించే 1ఎ రకమే తీసుకోండి, 17వ క్రోమోజోమ్ మీద పీఎంపీ22 అనే మైలిన్ ప్రొటీన్ జీన్ ఒక కాపీ ఎక్కువుంటుంది, లోపం ష్వాన్ కణానిది. నరం స్పీడు తగ్గడం టెస్టులో చిన్నప్పుడే తెలుస్తుంది, కానీ కాళ్ళూ చేతుల్లో బలం పోయేది ముఖ్యంగా పోగులు చచ్చిపోయే కొద్దీ. ఉత్త తొడుగు లెక్కన చూస్తే ఇది అర్థమే కాదు.

ఈ జబ్బు మీద వీలైతే ఒక ఆర్టికల్ వెయ్యండి. అన్నట్టు మీ బొమ్మలో ష్వాన్ కణానికి న్యూక్లియస్ గీయలేదు, ఈసారి అదీ పెట్టించండి.

ఇట్లు,
మీ పేపర్ రోజూ చదివే ఒక ఫిజియాలజీ లెక్చరర్