కొండల్లో వాన లెక్క కూడా వెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. పుట్టిల్లు హిరమండలం దగ్గర, వంశధార ఒడ్డునే. ఒడియా మాట్లాడతాను గానీ గడగడా చదవడం మా పిల్లలకే వచ్చు. అందుకే మా ఇంటికి ఇప్పటికీ తెలుగు పేపరే వేయించుకుంటాం. వానాకాలంలో జిల్లా పేజీ తెరవగానే ముందు వంశధార మీది గొట్టా బ్యారేజీ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారో చూస్తాను. కానీ ఆ అంకె అచ్చయ్యేసరికి వరద వచ్చేసి ఉంటుంది. పైన కొండల్లో ఎంత కురిసింది, ఇంకా కురుస్తోందా అన్నది మాత్రం పేపర్లో కనపడదు. అది కూడా వెయ్యండని అడగడానికే ఈ ఉత్తరం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. మధ్యలో దూరం ఎంతో లేదు, సంతకీ పెళ్ళిళ్ళకీ రోజూ జనం తిరుగుతూనే ఉంటారు. మా ఊరి పక్క నుంచి పోయే మహేంద్రతనయ పాతపట్నం మీదుగా వెళ్ళి గొట్టాకి ఎగువన వంశధారలో కలుస్తుంది. వంశధార కూడా ఒడిశా కొండల్లోనే పుట్టి, గుణుపురం, కాశీనగరం దాటాకే బత్తిలి, భామిని, కొత్తూరు వైపు వస్తుంది. అంటే శ్రీకాకుళం జిల్లాలో రైతు నిద్రపోవాలో, లేచి పొలానికి పరిగెత్తాలో తేలేది మా వైపు పడే వానతోనే.

మా తమ్ముడు నది ఒడ్డున నీళ్ళు తోడే ఇంజను పెట్టి వంగ, బెండ వేస్తాడు. వాడికి వాన కబురు చెప్పేది నేనే. గుమ్మ వైపు కొండలు కనపడకుండా మబ్బు దిగిపోతే నాకు టెన్షన్ మొదలవుతుంది. పొద్దున్నే బజారుకి వెళ్తాను. కొండ మీద నుంచి పసుపు, అల్లం, పనసకాయలు దింపుకొచ్చే సవర ఆడవాళ్ళు అక్కడ కూర్చుంటారు. పెద్ద వాన పడిన మర్నాడు వాళ్ళలో సగం మంది రారు. వచ్చినవాళ్ళని అడిగితే, "గెడ్డ పొంగింది, మిగతావాళ్ళు అవతలే ఉండిపోయారు" అంటారు. గెడ్డంటే కొండవాగు. వాళ్ళ చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎర్రమట్టి పట్టి ఉంటాయి. నేను అక్కడి నుంచే ఫోన్ చేస్తాను: "ఒరే తమ్ముడూ, ఇంజను పైకి లాగించెయ్, సాయంత్రం దాకా చూడకు." ఇద్దరు మనుషులు నట్లు విప్పి, తాడు కట్టి, గట్టు మీదికి లాగాలి. నీళ్ళు వచ్చాక అయ్యే పని కాదది.

నాలాంటి అక్క లేనివాళ్ళ సంగతేమిటి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోవడం అందరికీ గుర్తుంది. ఆ తర్వాత మా గజపతి జిల్లా కొండల్లో కురిసిన వాన గురించి కింద ఎంతమందికి తెలుసు? బరఘర అనే ఊళ్ళో గుహలో తలదాచుకున్న కుటుంబాల మీద కొండచరియ విరిగిపడి పిల్లా పెద్దా చనిపోయారు. కొండల నీళ్ళు దిగి వంశధార పొంగింది. ఆ రోజు కరెంటు లేదు, ఫోన్లు కలవలేదు, మా తమ్ముడికి నా కబురు అందలేదు. ఇంజను, పైపులు ఇసకలో కూరుకుపోయాయి. వాడొక్కడికే కాదు, ఆ ఒడ్డున చాలామందికి అదే జరిగింది. తుపాను తీరం దాటేసింది కదా అని అందరూ ఊపిరి పీల్చుకున్న వేళ వచ్చిన నష్టం అది.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పేరుతో పాటు మా ఊరి పేరూ పేపర్లో చూస్తాను. ఆయన ఇక్కడ బడిలో పాఠాలు చెబుతూ, ఇదే కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు. చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా కూడా మా పేరు రోజూ వాన లెక్క పక్కన రావాలని నా కోరిక.

ఒడిశా ప్రభుత్వం వానాకాలంలో బ్లాకుల వారీగా వర్షపాతం ప్రకటిస్తుంది. కాశీనగరం దగ్గర వంశధార మట్టాన్ని కేంద్ర జల సంఘం కొలుస్తుంది. కొత్తగా ఎవరూ ఏదీ కొలవక్కర్లేదు. గొట్టా క్యూసెక్కుల వార్త కిందే ఒక చిన్న పెట్టెలో గుణుపురం, కాశీనగరం, గుమ్మ, పర్లాకిమిడిలో పడిన వాన, కాశీనగరం దగ్గర నీటి మట్టం వేస్తే చాలు. రాత్రి కురిసిన వాన పొద్దుటి పేపరుకి అందదంటే, కనీసం మీ వెబ్‌సైట్‌లో, వాట్సాప్ ఛానల్‌లో పెట్టండి. మా తమ్ముడి ఊళ్ళో ఇప్పుడు పేపరు చూసేవాళ్ళ కన్నా ఫోన్ చూసేవాళ్ళే ఎక్కువ. వచ్చే జూన్ నుంచైనా మొదలుపెట్టమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా