మూడో గంటలోనూ అదే గొంతు

ఒరే రవీ,

నీ ఉత్తరం అందింది. నువ్వు చదివి రికార్డు చేస్తున్న ఆడియో పుస్తకంలో మొదటి అధ్యాయం ఒకడు చదివినట్టు, ఆరో అధ్యాయం వాడి అన్నయ్య చదివినట్టు ఉందని రాశావు చూడు, ఆ ముక్కకి నవ్వొచ్చింది. కానీ జబ్బు సరిగ్గానే పట్టుకున్నావు. మైకు మార్చనా అని అడిగావు. వద్దు, మైకు జోలికి వెళ్లకు. గొంతు ఒక్కసారిగా మారితే ఎవడికైనా తెలుస్తుంది. ఇది వెంట్రుకవాసి చొప్పున జారుతుంది, చదివేవాడి చెవి కూడా దాంతోపాటే జారుతుంది. అందుకే మూడో గంటలో నీ చెవి చెప్పే సాక్ష్యం చెల్లదు. బయట ఒక గుర్తు పెట్టుకుని దానితో పోల్చుకోవాలి.

ఆ గుర్తు ఇలా చేసుకో. ఇప్పటిదాకా చదివినదాంట్లో నీకు బాగా కుదిరిన చోటు నుంచి 30 సెకన్ల ముక్క కోసి వేరే ఫైలుగా దాచు. నమూనా అని పేరు పెట్టు. అందులో మామూలు కథనం, ఒక ప్రశ్న, ఊపిరి పట్టి చదవాల్సిన పొడుగు వాక్యం ఒకటి ఉంటే చాలు. ఆవేశంగా సాగే సంభాషణ మాత్రం పనికిరాదు, దాన్ని రోజుకో రకంగా చదువుతాం. రోజూ పని మొదలెట్టే ముందు నమూనా విను, వెంటనే అవే వాక్యాలు రికార్డు చెయ్యి, రెండూ వెనకా ముందూ పెట్టి విను. విరామం తర్వాత కూర్చున్న ప్రతిసారీ ఇదే పని. రెండు నిమిషాలు పడుతుంది, విసుగ్గా కూడా ఉంటుంది. అయినా మానకు.

వినేటప్పుడు ఊరికే 'బాగుందా' అని వింటే ఏమీ తేలదు. ముందు వేగం చూడు, దానికి చెవి కూడా అక్కర్లేదు, గడియారం చాలు: 30 సెకన్ల నమూనా 27 సెకన్లలో అయిపోయిందంటే పరిగెడుతున్నావు. తర్వాత శ్రుతి. ఆ తర్వాత వాక్యం చివర. మన భాషకి ఇదే పెద్ద చిక్కు, క్రియ చివర్లో కూర్చుంటుంది కదా. 'తలుపు తీసి చూసి వెనక్కి వెళ్లిపోయాడు' అన్నప్పుడు మొదట్లో గొంతు నిండుగా ఉంటుంది, ఊపిరి చాలక 'పోయాడు' దగ్గరకొచ్చేసరికి శ్రుతి పడిపోయి గరగరమంటుంది. ఈ గరగర ఐదారు వాక్యాలకోసారి వస్తుంటే అలసట మొదలైనట్టు. రెండో ఆనవాలు ఒత్తి పలికే అక్షరాలు: 'ధ' కాస్తా 'ద' అవుతుంది, 'భ' 'బ' అవుతుంది, 'ణ' 'న'లోకి జారుతుంది. అది వినపడగానే లేచెయ్యి. ఇంకో పేజీ లాగుదాం అనుకుంటే ఆ పేజీ మళ్లీ చదవాల్సిందే.

ఇక దూరం. గొంతు మారిందని మొత్తుకునేవాళ్లలో చాలామందికి నిజంగా మారేది గొంతు కాదు, కూర్చోవడం. మొదటి అరగంట నిటారుగా ఉంటాం, తర్వాత నడుము వాలుతుంది, మెడ ముందుకొస్తుంది, నోరు మైకు దగ్గరికి పాకుతుంది. నువ్వు వాడే కార్డియాయిడ్ మైకులో, అంటే ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకంలో, దగ్గరికెళ్లే కొద్దీ కింది స్వరాలు ఉబ్బుతాయి, అందుకే 'అన్నయ్య' వస్తాడు. దూరం జరిగితే దానికి ఉల్టా: 15 సెంటీమీటర్లు 30 అయితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడుతుంది, గది మోత, అంటే ఖాళీ గదిలో కూడా ఉండే సన్నటి చప్పుడు, మాత్రం అలాగే ఉంటుంది. శబ్దం మట్టాన్ని తర్వాత పెంచుకోవచ్చు, కానీ పెంచితే గది కూడా దాంతోపాటే లేస్తుంది. కాబట్టి జానెడు దూరం పెట్టుకుని, ఆ మధ్యలో గాలి దెబ్బని ఆపే జాలీని, అదే పాప్ ఫిల్టర్‌ని కదలకుండా బిగించు. బొటనవేలు మైకుకి, చిటికెనవేలు పెదవికి ఆనించి చూస్తే సరిపోతుంది. కుర్చీ కాళ్లు ఉన్నచోట నేల మీద టేపు అంటించు. కాగితం కానీ తెర కానీ కంటి ఎత్తులో ఉండాలి, కిందికి చూసి చదివితే గడ్డం దిగి గొంతు నొక్కుకుంటుంది. కూర్చుని మొదలెట్టిన పుస్తకాన్ని నిలబడి ముగించకు.

మైకుని నోటికి సూటిగా కాకుండా 30 డిగ్రీలు పక్కకి తిప్పితే 'ప', 'ఫ', 'భ'ల గాలి దెబ్బ తప్పుతుంది. అయితే ఆ కోణం కూడా రోజూ అదే ఉండాలి, ఎక్కువ పక్కకి పోతే 'స', 'శ'ల పదును తగ్గి గొంతు మసకబారుతుంది. అంతా అమరాక ఫోనుతో రెండు వైపుల నుంచి ఫొటోలు తీసి పెట్టుకో. మైకు శబ్దాన్ని పెంచే తగ్గించే గెయిన్ నాబ్‌ని ఒకసారి పీకులు, అంటే గొంతు అన్నిటికన్నా పైకి లేచే చోట్లు, మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య పడేలా సర్ది ఇక ముట్టుకోకు.

హెడ్‌ఫోన్స్ సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ అక్కడా మోసం ఉంది. చెవిలో నీ గొంతు గట్టిగా వినపడితే తెలియకుండానే మెల్లగా మాట్లాడతావు. చుట్టూ చప్పుడుంటే గొంతు దానంతటదే లేస్తుంది. దీన్ని లొంబార్డ్ అనే ఫ్రెంచ్ వైద్యుడు 1911లోనే రాశాడు, అందుకే లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. కాబట్టి హెడ్‌ఫోన్స్ వాల్యూమ్‌కి కూడా ఒక గీత పెట్టుకో. ఏసీ వేసి సగం, ఆపి సగం చదివితే గది మోత మారడం ఒక్కటే కాదు, నీ గొంతూ మారుతుంది.

ఒంటి సంగతికొస్తే, నిద్ర లేచిన గంటలో గొంతు బరువుగా, కింది శ్రుతిలో ఉంటుంది. ఆ బొంగురు బాగుందని మురిసి రికార్డు చెయ్యకు, పది గంటలకల్లా అది ఉండదు. రోజూ ఒకే వేళకి కూర్చో. ముందు పది నిమిషాలు గొంతు వేడెక్కించు: నోరు మూసి మెల్లగా 'మ్‌మ్' అంటూ కిందికీ పైకీ, పెదవులు బుర్రుమనిపిస్తూ, సన్నని స్ట్రా గుండా కూనిరాగం తీస్తూ. నీళ్లు తాగడం మంచిదే, కానీ మింగిన నీరు స్వరతంతువుల మీదుగా పోదు. ఒంట్లో ఇంకి అక్కడిదాకా రావడానికి సమయం పడుతుంది, అందుకని గంటా రెండు గంటల ముందు నుంచే తాగుతూ ఉండు. మధ్యలో తాగే గుక్కలు నోరు తడవడానికి. నోట్లో టిక్‌టిక్‌మనే చప్పుళ్లకి ఆకుపచ్చ యాపిల్ ముక్క నమిలేవాళ్లున్నారు, దాని పులుపు చిక్కటి లాలాజలాన్ని పలుచన చేస్తుందంటారు. గొంతులో కఫం అడ్డుపడితే ఖళ్లుమని సవరించకు, తంతువులు ఒకదానికొకటి కొట్టుకుని ఇంకా వాస్తాయి. గుటక వెయ్యి చాలు. 45 నిమిషాలకి పది నిమిషాల విరామం, ఆ పది నిమిషాలూ ఫోన్లో కబుర్లు పెట్టకు! అరుపులు, ఏడుపులు, ముసలివాళ్ల గొంతులు ఉన్న చోట్లన్నీ ఆ రోజు పని చివరికి నెట్టు. ఒక్క అరుపుతో తర్వాతి ఇరవై పేజీలు పోతాయి. పాత్ర గొంతులకి కూడా ఒక్కోదానికి పది సెకన్ల నమూనా దాచు.

తప్పు దొర్లితే ఆ మాట నుంచి అందుకోకు. ఐదు సెకన్లు వెనక్కి వెళ్లి, రికార్డయిన నీ గొంతు వింటూ దానితోపాటే చదువుతూ ఊపులోకి వచ్చి, తప్పుకి ముందు ఆగిన చోటు నుంచి మళ్లీ రికార్డు చెయ్యి. వారం తర్వాత సవరణలు చేయాల్సి వస్తే ఆ వాక్యానికి అటూ ఇటూ రెండు పేరాలు విని, మూడుసార్లు మూడు రకాలుగా చదివి పెట్టు, ఏదో ఒకటి అతుకుతుంది. రోజూ మొదట్లో ఓ నిమిషం నోరు మూసుకుని ఖాళీ గదిని రికార్డు చెయ్యి. అతుకుల దగ్గర పూర్తి నిశ్శబ్దం పెడితే గొయ్యిలా వినపడుతుంది, ఆ గది మోతే పెట్టాలి.

ఎడిటింగ్‌లో సరిచేద్దాం అంటావని తెలుసు. మట్టం సరిచేయొచ్చు, కింది, పై స్వరాలని విడివిడిగా పెంచే తగ్గించే ఈక్యూలో ఒకటి రెండు డెసిబెల్స్ దిద్దొచ్చు. ఆడియో పుస్తకాల వేదిక ఏసీఎక్స్ అడిగే కొలతలున్నాయి కదా, సగటు శబ్దం చూపే ఆర్‌ఎమ్‌ఎస్ మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్ మధ్య, పీకు మైనస్ 3 లోపు, గది మోత మైనస్ 60 కింద. ఆ మూడూ పాసయిన ఫైళ్లు రెండు పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషుల్లా వినపడొచ్చు. అలసిన గొంతుని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించే ఏ ప్లగిన్నూ నిద్రపుచ్చి లేపలేదు.

ఆరో అధ్యాయం మొత్తం మళ్లీ చదవకు, ఇప్పుడే కంగారు పడొద్దు. నమూనా ముక్క ఒకటి, ఆరో అధ్యాయం మధ్య నుంచి ఒక నిమిషం, ఏమీ దిద్దకుండా పంపు. అక్కడ జారింది గొంతో నడుమో విని రాస్తాను.

నీ మిత్రుడు