కొండ మీది షెడ్డుకు కరెంటు: మన కాఫీ రైతుల సంఘం 2024–25 వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, తోటి రైతులకు నమస్కారం.

ఈ ఏడు మొక్కల పంపిణీ, మిరియాల తీగలు నాటించడం, సంతలో తూకాలు సరిచూడటం ఎప్పటిలాగే సాగాయి. వాటి వివరాలు రిజిస్టరులో ఉన్నాయి. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది కాఫీ పండ్ల తొక్క తీసే మన పల్పింగ్ షెడ్డుకు కరెంటు వచ్చిన సంగతి.

పండు కోసిన రోజే తొక్క తీయకపోతే గింజ పులిసి వాసన పట్టేస్తుందని మీకు తెలుసు. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, మన బస్తాలకు మాత్రం పులుపు పేరు చెప్పి ధర కోస్తూనే వచ్చారు. పల్పర్ కోసం డీజిల్ డబ్బాలు నెత్తిన పెట్టుకుని కొండెక్కిన ఆడవాళ్లను అడగండి, ఈ లైను విలువ వాళ్లు చెబుతారు.

కరెంటు ఆఫీసువాళ్లు మొదట సింగిల్ ఫేజుకే ఎస్టిమేటు వేశారు. మన మోటారు 3 హెచ్‌పీది, త్రీఫేజు కావాలని అర్జీలోనే రాశాం. అది చదివినవాళ్లు లేరు. మళ్లీ సర్వే, మళ్లీ ఎస్టిమేటు. కొండ ప్రాంతాల్లో 30 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలని 2024లో సవరించిన నిబంధన చూపిస్తే, కొత్త లైను వేయాల్సిన చోట ఆ గడువు వర్తించదన్నారు. అది నిజమే. కానీ ఫైలు ఏ బల్ల మీద ఉందో చెప్పడానికి ఏ గడువు కావాలి? అధ్యక్షులూ నేనూ ఆ ఆఫీసు గుమ్మం ఎన్నిసార్లు ఎక్కామో లెక్కే లేదు.

తర్వాత అడవి అడ్డొచ్చింది. అటవీ హక్కుల చట్టం, 2006లోని సెక్షన్ 3(2) ప్రకారం కరెంటు లైనుకు హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చేయాలి. ఊళ్లో ఉన్న 11 కేవీ లైను చివర నుంచి షెడ్డుకు 1.2 కిలోమీటర్లు. 7 మీటర్ల వెడల్పున లెక్కవేస్తే 0.84 హెక్టారు. మన కుర్రాళ్లు తాడు పట్టుకుని కొలిచి, చెట్టు చెట్టుకూ సున్నం బొట్టు పెట్టి జాబితా రాశారు. రెండు పెద్ద పనస చెట్లు దక్కాలని లైనును కాస్త పక్కకు తిప్పించాం. గ్రామసభలో చేతులెత్తని ఇల్లు లేదు.

22 స్తంభాలు. బండి సగం దారి వరకే వచ్చింది. అక్కడి నుంచి ఒక్కో స్తంభానికి పదహారు మంది, వెదురు బొంగులు, మోకులు. వాగు దగ్గర జారిన ఏడో స్తంభాన్ని మళ్లీ పైకి లాగడానికి ఒక పూట పట్టింది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ చేరిన రోజున ఎర్తింగ్ గుంతలకు బొగ్గు, ఉప్పు మనవాళ్లే మోసుకొచ్చారు. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, పొద్దుగుంకే వేళ స్విచ్ వేశాం. పల్పర్ తిరిగింది. ఆ వెలుగులోనే రాత్రి ధింసా నాట్యం ఆడారు. మా అమ్మ గడపలో కూర్చుని బల్బు కేసే చూస్తూ ఉండిపోయింది.

లైను పనికి తలకు రూ. 500 చొప్పున వసూలు చేశాం. డిపాజిట్, చార్జీల రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, చూసుకోవచ్చు. బాకీ ఉన్నవాళ్లు ఈ నెలలో కట్టాలి.

స్తంభాలు మోసిన యువకులకు, మూడు రోజులు చోడి అంబలి, అన్నం వండిపెట్టిన డ్వాక్రా అక్కలకు, సర్పంచి గారికి, వన హక్కుల కమిటీకి, కాగితాలు రాసిపెట్టిన మాస్టారికి, సెలవు రోజున కూడా స్తంభమెక్కిన లైన్‌మన్ తమ్ముడికి సంఘం తరఫున కృతజ్ఞతలు. స్తంభాలు మోసే రోజున వస్తామని పేర్లు రాయించుకుని రానివాళ్లు పందొమ్మిది మంది. వాళ్ల భారం కూడా వచ్చినవాళ్ల భుజాల మీదే పడింది. ఇది మనసు కష్టపెట్టుకునే చెబుతున్నాను.

వానలు పడేలోగా లైను పొడవునా కొమ్మలు నరకాలి, లేకుంటే మొదటి గాలికే సరఫరా పోతుంది. లైన్‌మన్ సరఫరా ఆపానని చెప్పేదాకా ఎవరూ కొమ్మ ముట్టకూడదు. రెండు జట్లు కావాలి. పేర్లు ఈ సమావేశంలోనే రాయించండి, పుస్తకం నా దగ్గరే ఉంది.

కార్యదర్శి