మీ ఓక్ చెట్టు కొట్టే తేదీ ఇప్పుడే ఎందుకు చెప్పడం లేదంటే

టెక్సస్‌లోని ఆస్టిన్ చుట్టుపక్కల మా చేత చెట్ల పని చేయించుకుంటున్న మనవాళ్లందరికీ నమస్కారం.

ముందు నా తప్పు చెబుతాను. పోయిన వేసవిలో ఒక అన్నగారి పెరట్లో లైవ్ ఓక్ కొట్టడానికి ఒప్పుకుని అడ్వాన్స్ తీసుకున్నాను. శనివారానికి మనుషుల్ని, క్రేన్‌ని మాట్లాడేశాను. ఆస్టిన్ నగరం హద్దు లోపలైతే పెద్ద చెట్టు కొట్టడానికి నగరం పర్మిట్ కావాలి. వాళ్ల ఇల్లు ఆ హద్దు బయట ఉందనుకున్నాను. పక్క వీధి బయటే, ఆయన ఇల్లు మాత్రం లోపల. శుక్రవారం సాయంత్రానికి గానీ ఆ సంగతి తెలియలేదు. పని ఆపి డబ్బు తిరిగిచ్చేశాను కానీ, ఆయన కట్టుకోవాలనుకున్న గది నెలల తరబడి ఆగిపోయింది. హద్దు చూసుకోవాల్సింది నేనే. ఆయనకు క్షమాపణ చెప్పాను, ఇక్కడ మళ్లీ చెబుతున్నాను.

అడ్రసులో ఆస్టిన్ అని ఉన్నంత మాత్రాన ఇల్లు ఆస్టిన్ నగరంలో ఉన్నట్టు కాదు. పోస్టాఫీసు లెక్క వేరు, నగరం హద్దు వేరు. పక్కనున్న సీడర్ పార్క్, రౌండ్ రాక్, లియాండర్ వేరే నగరాలు, దేని నిబంధనలు దానివి. వాటిమీద హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) ఒకటి. హ్యూస్టన్ నుంచి వచ్చినవాళ్లు "అక్కడ మా పెరట్లో చెట్టుకు ఎవరూ పర్మిట్ అడగలేదే" అంటారు. నిజమే, సొంత ఇంటి పెరట్లో చెట్టుకు అక్కడి నగరం సాధారణంగా అడగదు. అదే అట్లాంటాలో అయితే 6 అంగుళాల ఓక్‌కి కూడా పర్మిట్ కావాలి.

ఆస్టిన్‌లో పర్మిట్ కావాలనే కొలత 19 అంగుళాలు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో మాను అడ్డుకొలత అన్నమాట. ఇంట్లో జాకెట్లు కుట్టుకునే టేపు ఉంటే తీసుకెళ్లండి. దాని పొడవు 60 అంగుళాలు. మాను చుట్టూ తిప్పితే రెండు కొసలూ కలవలేదా, ఆ చెట్టుకు పర్మిట్ కావాలి. ఎండిపోయిన చెట్టయినా సరే. ఓక్, పెకాన్, సీడర్ ఎల్మ్ లాంటివి 24 అంగుళాలకు చేరితే హెరిటేజ్ చెట్లు, అంటే నగరం ఇంకా గట్టిగా కాపాడే చెట్లు. ఆరోగ్యంగా ఉన్న హెరిటేజ్ చెట్టును కొట్టడానికి అనుమతి వస్తుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. పెద్ద చెట్టుకు నాలుగో వంతు కన్నా ఎక్కువ కొమ్మలు తీయాలన్నా అడగాల్సిందే.

"ఆదివారం పొద్దున్నే వచ్చి కొట్టేయండి, ఎవరు చూస్తారు?" అని కొందరు అడిగారు. కొట్టను. 2023 ఫిబ్రవరి మంచు తుపానులో సగం కొమ్మలు విరిగిన ఓక్‌లు మేము శుభ్రం చేశాం. వాటిలో కొన్ని ఇప్పుడు మళ్లీ నిండుగా నీడనిస్తున్నాయి. అలాంటి మాను తయారవడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుంది.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కూడా కత్తిరించం. ఆ నెలల్లో పచ్చి గాయం మీద వాలే పురుగుల వల్ల ఓక్ విల్ట్ అనే, చెట్టును ఎండబెట్టి చంపే తెగులు అంటుకుంటుంది. ప్రమాదంగా వేలాడే కొమ్మ అయితే తీసి, ఆ గాయం మీద వెంటనే రంగు పూస్తాం.

ఇకమీదట అడ్రసు, టేపు చుట్టిన మాను ఫోటో ముందు పంపండి. మీ ఇల్లు ఏ హద్దులో ఉందో మేమే చూస్తాం, దరఖాస్తు మేమే పెడతాం, దానికి విడిగా డబ్బు తీసుకోం. తేదీ, అడ్వాన్స్ రెండూ పర్మిట్ చేతికొచ్చాకే. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకు ఈ వారంలో నేనే ఫోన్ చేస్తాను. ఆగలేమంటే మొత్తం వెనక్కి ఇచ్చేస్తాను.