అంగీకారం వాళ్ల నోటి నుంచే రావాలి

సంపాదకులకు,

బోదకాలు క్రిములు రక్తంలో రాత్రిపూటే ఎక్కువగా తిరుగుతాయి. అందుకే సర్వే బృందాలు చీకటి పడ్డాక ఊళ్లోకి వచ్చి, పడుకోబోయేవాళ్ల వేలు గుచ్చి గాజు పలక మీద రక్తం చుక్క తీసుకుంటాయి. అది తప్పనిసరిగా చేయాల్సిన పనే. కానీ ఎందుకు తీస్తున్నారో, ఫలితం ఎవరు చెబుతారో, ఆ నమూనాను ఇంకో పరిశోధనకు వాడతారో లేదో ముందే చెప్పాలి కదా! సర్పంచ్ సరేనంటే ఊరంతా ఒప్పుకున్నట్టు కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కూడా ఊరి పెద్దల అనుమతి వ్యక్తి అంగీకారానికి బదులు కాదు.

జబ్బు వేరే అయినా, 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో బాలికలపై జరిగిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనాన్ని మనం మరిచిపోకూడదు. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం చేశారని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. కన్నవాళ్లను అడగడం అంత కష్టమా?

ఏజెన్సీ గ్రామాల్లో ఏ అధ్యయనమైనా మొదలయ్యే ముందు గ్రామసభ పెట్టి, కోయ మాట్లాడేవాళ్లకు కోయలోనే వివరించాలి. వద్దన్నవాళ్లకు వైద్యం ఆగదని అక్కడే అందరి ముందూ చెప్పాలి. తేలిన ఫలితాలను ముందుగా ఆ ఊరివాళ్లకే తెలపాలి.

- ఒక పాఠకురాలు, ఖమ్మం