తీరపు ఇసుకలో మొగలికీ చోటివ్వండి

సంపాదకులకు,

తుపాను రక్షణ అనగానే ఆంధ్ర తీరంలో అధికారులకు సరుగుడు తప్ప మరో మొక్క గుర్తుకు రావడం లేదు. 1977 దివిసీమ ఉప్పెన తరువాత సాగరతీరం వెంబడి సరుగుడు తోటలు బాగా విస్తరించాయి. అవి గాలిని అడ్డుకుంటున్న మాటా నిజమే. అయితే రైతుల భూముల్లోని సరుగుడును నాలుగైదేళ్లకే కర్రకూ కాగితపు గుజ్జుకూ నరికేస్తారు కనుక, ఆ ఇసుక మళ్లీ బోసిపోతుంది. ఊడవేళ్లతో ఇసుకను ఏళ్ల తరబడి పట్టి ఉంచే మన మొగలిని మాత్రం, ఆకు రెండంచులా, అడుగున ఈనె పొడవునా ఉండే ముళ్లను చూసి పనికిమాలిన డొంకగా జమకట్టి, రొయ్యల చెరువులకూ లేఅవుట్లకూ చదును చేస్తున్నారు. ఈ జాతే రేపు అంతరిస్తుందని అనను గానీ, మా శ్రీకాకుళం వైపు ఒకప్పుడు తోటలకు కంచెగా ఉన్న గుబుర్లు ఇప్పుడు వెతికితే గానీ కనబడవు.

మొగలిలో ఆడ, మగ మొక్కలు వేరు. అత్తరుకు పనికొచ్చే పరిమళం మగ పొత్తిదే (పొత్తి అంటే రేకులతో కూడిన పూగుత్తి). విత్తనంతో పెంచితే ఏది ఏదో పూసేదాకా తేలదు కాబట్టి, మంచి వాసనగల మగ పొదల పిలకలు తీసి నాటడమే సరైన పద్ధతి. మూడు నాలుగేళ్లకు పూత మొదలవుతుంది, వానాకాలంలో ఎక్కువగా వస్తుంది. ఇచ్ఛాపురం దాటగానే ఒడిశాలోని గంజాం జిల్లా రైతులు ఈ పొదలనే గట్ల మీద పెంచి, తెల్లవారుజామున కోసిన పొత్తులను అత్తరు బట్టీలకు అమ్ముకుంటున్నారు. ఆ పువ్వుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇవతలి ఇసుక చేసిన పాపమేమిటో తెలియదు.

గిరాకీకి కొదవ లేదు. హైదరాబాద్‌లో బిర్యానీ దమ్ముకు ముందు కేవ్‌డా నీళ్లు, అంటే మొగలి పూల పరిమళపు నీళ్లు, చల్లే వంటవాళ్లు ఎందరో ఉన్నారు. కాకపోతే మొగలి నూనెలో అధిక భాగమైన ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్‌ను కర్మాగారంలోనే తయారు చేయవచ్చు కాబట్టి, చౌక సీసాల్లో చాలావరకు ఉండేది కృత్రిమ పరిమళమే. ఆ సంగతి లేబుల్ మీద సన్నని అక్షరాల్లో ఉంటుంది, చదివేవారే తక్కువ.

అటవీ శాఖ తన నర్సరీల్లో మగ పిలకలను విడిగా పెంచి, తీర పంచాయతీలకు ఇచ్చి, సరుగుడు వరుసలకు ముందు సముద్రం వైపున నాటించాలని కోరుతున్నాను. అయితే వాడిపోయిన పొత్తికి వాసన నిలవదు; దూరం మోసుకెళ్లి అమ్మడం కుదరదు. కనుక పిలకలు పంచడానికి ముందే, శ్రీకాకుళం తీరంలో రైతు సంఘాల చేతిలో ఒక చిన్న బట్టీనైనా ఏర్పాటు చేయాలి.

– ఒక పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్